మెషీన్లు పోతే పోయాయి, కాగితాలేవి?

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో నా లాప్‌టాప్‌లో రెండు ట్యాబ్‌లు ఎప్పుడూ తెరిచే ఉండేవి. ఒకదాంట్లో విజయవాడ వార్తలు. బుడమేరు గట్లు తెగి సింగ్ నగర్ నీళ్లలో ఉంది. మా అమ్మానాన్నలు ఉండేది అక్కడే. రెండోదాంట్లో క్రిస్టీస్ వాళ్ల ఆన్‌లైన్ వేలంపాట. మైక్రోసాఫ్ట్‌ని బిల్ గేట్స్‌తో కలిసి మొదలుపెట్టిన పాల్ ఆలెన్ కూడబెట్టిన పాత కంప్యూటర్లు, ఆయన పోయిన ఆరేళ్లకి ఒక్కొక్కటే అమ్ముడుపోతున్నాయి.

మూడో రోజు గానీ అమ్మ ఫోన్ కలవలేదు. పైఅంతస్తు వాళ్లింట్లో క్షేమంగా ఉన్నామని చెప్పి, కాసేపాగి అంది: "నాన్నా, నీ పెట్టెలు తియ్యలేకపోయాం రా. బియ్యం బస్తా, గ్యాస్ బండ, మీ నాన్న మందులు పైకి చేర్చేసరికే నీళ్లు మంచం ఎత్తు వచ్చేసినయ్." పర్లేదమ్మా, ఏముంది అందులో, పాత కాగితాలేగా అన్నాను. ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను. పక్కవీధిలో వాళ్లకి ఇల్లూ వాకిలీ పోతే, నేను పాత కంప్యూటర్ మాన్యువల్స్ కోసం ఏడవటమేంటని సిగ్గేసింది కూడా.

ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. కానీ పోయినవి ఉత్త కాగితాలేనా అన్న ప్రశ్న కూడా ఉంది. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి.

*

పదకొండు అట్టపెట్టెలు. మెట్ల కింద ఆరు, మంచం కింద అయిదు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో మొదలైన పిచ్చి. హైదరాబాద్ వచ్చినప్పుడల్లా ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య తిరిగేవాణ్ణి. మిగతావాళ్లు చలం, శ్రీశ్రీ, మాస్కో ప్రచురణల కోసం వెతుకుతుంటే, నేను ఎవరూ ముట్టుకోని కుప్పలో చెయ్యి పెట్టేవాణ్ణి. అక్కడ దొరికింది మొదటిది: ఐబీఎం పీసీ టెక్నికల్ రిఫరెన్స్. చిన్నసైజు రింగ్ బైండరు, గుడ్డ అట్ట. అమ్మేవాడికి అది ఏ పరీక్షకీ పనికిరాని పుస్తకం. ఎనభై రూపాయలకి ఇచ్చేశాడు.

ఆ పుస్తకం సంగతి కొంచెం చెప్పాలి. 1981లో ఐబీఎం తన పీసీని విడుదల చేసినప్పుడు, దాని సర్క్యూట్ బొమ్మలన్నీ, స్విచ్ వెయ్యగానే మెషీన్‌ని నిద్రలేపే బయాస్ ప్రోగ్రామ్ మొత్తాన్నీ లైను లైనుగా ఈ మాన్యువల్‌లో అచ్చేసింది. వేరే కంపెనీలు దానికి అమర్చే కార్డులు తయారు చేసుకోవాలని ఉద్దేశం. కానీ ఆ బయాస్ మీద కాపీరైటు ఉంది. అందుకే కాంపాక్ కంపెనీ ఐబీఎంకి సరిజోడు మెషీన్ చెయ్యాలనుకున్నప్పుడు ఇంజనీర్లని రెండు జట్లుగా విడదీసింది. ఒక జట్టు ఆ లిస్టింగ్ చదివి, అది ఏం పని చేస్తుందో మాత్రమే రాసి ఇస్తుంది. ఆ లిస్టింగ్ మొహం కూడా చూడనివాళ్లు రెండో జట్టు. వాళ్లు ఆ వివరణని బట్టి కొత్తగా ప్రోగ్రామ్ రాస్తారు. ఒక పుస్తకాన్ని చదవకపోవడమే అర్హత అయిన ఉద్యోగం! ఇవాళ మనం వాడే లాప్‌టాప్‌ల వంశవృక్షంలో ఆ చదవని పుస్తకం ఉంది.

ఇలాంటి కథలు తెలిసేకొద్దీ పిచ్చి ముదిరింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వాక్స్ మెషీన్లతో పాటు పంపిన వీఎంఎస్ మాన్యువల్స్, నారింజరంగు బైండర్లు, నాలుగు దొరికాయి. అసలు సెట్టు ఒక గోడంత ఉండేదట, దాన్ని ఇంజనీర్లు గోడ అనే పిలిచేవాళ్లు. డాస్ మాన్యువల్స్, 8085 ట్రైనర్ కిట్లు, రెండు టెర్మినళ్లు, ఒక డాట్ మాట్రిక్స్ ప్రింటరు. ఒకసారి నేను పనిచేసిన ఆఫీసులో పాత సర్వర్లని కండెమ్ చేసి తుక్కుకి వేస్తుంటే, ఆ లారీ వెనకాలే బండి మీద వెళ్లి మూడు పెట్టెల మాన్యువల్స్ తూకానికి కొనుక్కొచ్చాను. తుక్కు వ్యాపారి నన్ను జాలిగా చూశాడు. అతనికి కావలసింది బోర్డులు. పాత బోర్డుల అంచులకీ, పాత సిరామిక్ చిప్పుల కాళ్లకీ బంగారు పూత ఉంటుంది. యాసిడ్‌లో వేస్తే అంతో ఇంతో బయటికొస్తుంది. పాత మెషీన్లు ఇంత తొందరగా మాయమవడానికి ఒక కారణం ఈ బంగారం.

మాన్యువల్స్ మాయమవడానికి కారణం వేరు. లైబ్రరీ వాళ్ల లెక్కలో అవి పుస్తకాలు కావు. చాలావాటికి రచయిత పేరుండదు, అంగట్లో విడిగా అమ్మరు, మెషీన్‌తో పాటే వస్తాయి. పైగా అవి స్థిరంగా ఉండవు. రింగ్ బైండర్లో ఎందుకు పెట్టేవాళ్లంటే, ఆర్నెల్లకోసారి కంపెనీ కొత్త పేజీలు పంపేది. ఫలానా పేజీ తీసేసి ఫలానాది పెట్టుకోండి అని పైన చీటీ. తీసేసిన పేజీ చెత్తబుట్టలోకి. మెషీన్‌ని కండెమ్ చేసిన రోజున మొత్తం బైండరే చెత్తబుట్టలోకి. సతీసహగమనం అన్నమాట.

*

మాన్యువల్ ఎంత శక్తిగల వస్తువో చెప్పడానికి పాల్ ఆలెన్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక 1975 జనవరి సంచిక ముఖచిత్రం మీద ఆల్టెయిర్ 8800 అనే కిట్ కంప్యూటర్ వచ్చింది. లోపల ఇంటెల్ 8080 చిప్పు. ఆలెన్, గేట్స్ ఆ కంపెనీ వాళ్లకి మీ మెషీన్ మీద నడిచే బేసిక్ భాష మా దగ్గరుంది అని చెప్పేశారు. నిజానికి వాళ్ల దగ్గర బేసిక్ లేదు, ఆల్టెయిర్ లేదు, 8080 చిప్పు కూడా లేదు. ఉన్నది 8080 మాన్యువల్, హార్వర్డ్‌లో ఉన్న పీడీపీ-10 అనే పెద్ద మెషీన్. మాన్యువల్ చదివి, 8080 ఒక్కో ఆదేశానికీ ఎలా స్పందిస్తుందో అచ్చం అలాగే స్పందించే ప్రోగ్రామ్‌ని ఆలెన్ పీడీపీ-10 మీద రాశాడు. ఆ నకిలీ 8080 మీద గేట్స్, మోంటీ డేవిడాఫ్‌లతో కలిసి బేసిక్ తయారు చేశారు. ఆలెన్ ఆ కాగితపు టేపు పట్టుకుని అల్బుకర్కీ వెళ్లాడు. టేపుని మెషీన్‌లోకి ఎక్కించే లోడర్ రాయడం మర్చిపోయామని విమానంలో గుర్తొస్తే, అక్కడే కూచుని రాశాడు. నిజమైన ఆల్టెయిర్ మీద అది మొట్టమొదటిసారి నడిచింది ఆ పర్యటనలోనే. రెండూ రెండూ ఎంత అంటే నాలుగు అంది.

ఒక తప్పు పేజీ ఉండి ఉంటే మైక్రోసాఫ్ట్ కథ ఎలా ఉండేదో! వస్తువు లేకపోయినా, దాని గురించి సరిగ్గా రాసిన కాగితం ఉంటే వస్తువుని మళ్లీ పుట్టించవచ్చని ఆలెన్‌కి ఇరవై రెండేళ్లకే అనుభవంలోకి వచ్చింది. ఆ తర్వాత ఆయన పాత మెషీన్ల మీద పెట్టుకున్న మమకారానికి మూలం అదేనేమో అని నా ఊహ.

ఆయన సియాటిల్‌లో లివింగ్ కంప్యూటర్స్ అనే మ్యూజియం పెట్టాడు. 2012లో జనం కోసం తెరిచారు. పేరులోనే ఉంది సంగతి: అక్కడి మెషీన్లు అద్దాల వెనక ఉండవు, నడుస్తాయి. పీడీపీ-10లు, జిరాక్స్ ఆల్టో, నీళ్లతో చల్లబరిచే సీడీసీ 6500, అన్నిటినీ ఇంజనీర్లు ఏళ్ల తరబడి కూచుని బాగుచేశారు. అడిగితే ఇంటర్నెట్ ద్వారా మనకీ అకౌంట్ ఇచ్చేవాళ్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ తీసుకున్నాను. రాత్రి పదకొండింటికి కూకట్‌పల్లి హాస్టల్ గదిలోంచి లాగిన్ అయితే, ఎక్కడో సియాటిల్‌లో బీరువాల వరసలా ఉండే డెక్‌సిస్టమ్-20 ఒక చిన్న '@' గుర్తుతో పలకరించేది. అంతే. ఆ గుర్తు కోసం ఎన్ని రాత్రులు మేలుకున్నానో. దాని భాష తెలియాలంటే మాన్యువల్ కావాలి కాబట్టి అదీ ఇంకో వేట.

2018 అక్టోబరులో ఆలెన్ పోయాడు. 2020లో కోవిడ్ మొదలవగానే మ్యూజియం మూసేశారు. తాత్కాలికమే అన్నారు. 2024 జూన్‌లో ఇక తెరవబోమని చెప్పారు, వస్తువుల్లో చాలా భాగం క్రిస్టీస్‌కి వెళ్లింది. స్టీవ్ జాబ్స్ ఆఫీసులో ఉండిన ఆపిల్-1 ఒకటి 9,45,000 డాలర్లకు పోయింది. వచ్చిన డబ్బు దానధర్మాలకే వాడతామన్నారు, అది ఆలెన్ కోరికే. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ నడుస్తున్న మెషీన్లని నడిపించే మనుషులు ఆ పాటికే చెదిరిపోయారు. కోటీశ్వరుడి ప్రేమకి కూడా కోటీశ్వరుడి ఆయుష్షే ఉంటుంది. నా పదకొండు పెట్టెలకి మా ఇంటి పునాది ఎత్తు ఎంతో అంత ఆయుష్షు ఉన్నట్టే.

*

పోగొట్టుకోవడంలో అందరికంటే ఘనమైన రికార్డు బ్రిటిష్ వాళ్లది.

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యాధికారుల రహస్య సందేశాలని ఛేదించడానికి టామీ ఫ్లవర్స్ అనే టెలిఫోన్ ఇంజనీరు కొలోసస్ అనే ఎలక్ట్రానిక్ యంత్రాన్ని నిర్మించాడు. యుద్ధం ముగిసేనాటికి పది యంత్రాలు పనిచేస్తున్నాయి. యుద్ధం అయిపోగానే ఎనిమిదింటిని ముక్కలు చెయ్యమన్నారు. డ్రాయింగులు కాల్చెయ్యమన్నారు. ఫ్లవర్స్ తన డ్రాయింగులని తన చేత్తోనే బాయిలరు మంటలో వేశాడు. 1970ల దాకా అలాంటి యంత్రం ఒకటి ఉండేదని చెప్పడానికి కూడా ఎవరికీ అనుమతి లేదు. ఈలోపు ఎలక్ట్రానిక్ కంప్యూటర్ చరిత్ర అంటే అమెరికా వాళ్ల ఎనియాక్‌తో మొదలైందని లోకమంతా రాసేసుకుంది.

1990లలో టోనీ సేల్ అనే ఆయన దాన్ని మళ్లీ కడతానని కూచున్నాడు. చేతిలో ఉన్నవి 1945లో తీసిన ఎనిమిది ఫోటోలు, ముసలి ఇంజనీర్ల జ్ఞాపకాలు, కొన్ని సర్క్యూట్ బొమ్మల ముక్కలు. ఆ ముక్కలు ఎక్కడివి? అప్పటి ఇంజనీర్లు కొందరు నిబంధనలకి విరుద్ధంగా ఇంటికి పట్టుకుపోయి దాచుకున్నవి. పదిహేనేళ్ల దాకా పట్టింది. 2007లో బ్లెచ్లీ పార్కులో కొలోసస్ మళ్లీ పూర్తిస్థాయిలో పనిచేసింది.

కేంబ్రిడ్జ్ ఎడ్సాక్ కథ ఇంకా మామూలుగా ఉంటుంది, అందుకే నాకు ఇంకా ఇష్టం. 1949 మే 6న మొదటిసారి నడిచిన ఆ కంప్యూటర్ని 1958లో ఆపేసి విప్పేశారు. అక్కడ రహస్యమేం లేదు, యుద్ధమేం లేదు. గదిలో చోటు కావాలి, అంతే. 2011లో దాని ప్రతిరూపం కట్టడం మొదలుపెట్టినప్పుడు వివరమైన బొమ్మలు లేవు, ఊహలతో లాక్కొస్తున్నారు. 2014లో జాన్ లోకర్ అనే పాత ఇంజనీరు ఒక కాగితాల చుట్ట తెచ్చి ఇచ్చాడు. 1959లో ఆ ల్యాబులో చేరిన కొత్తలో పారెయ్యబోతున్న కాగితాలు కనిపిస్తే, బొమ్మలు బావున్నాయని తీసి పెట్టుకున్నాడట. ఎడ్సాక్ సర్క్యూట్ బొమ్మలు పందొమ్మిది. యాభై అయిదేళ్లు ఒక ఇంట్లో ఉన్నాయి.

ఈ కథల్లో నన్ను పట్టుకున్నది ఒకటే. చరిత్రని కాపాడింది సంస్థలు కాదు, సంస్థ పారెయ్యమన్నదాన్ని చంకలో పెట్టుకుని ఇంటికెళ్లిన ఉద్యోగులు. అయితే ఇంకో సగం కూడా చెప్పాలి. ఇంట్లోంచి మళ్లీ బయటికి తెచ్చి ఇచ్చారు కాబట్టే మనకీ కథలు తెలిశాయి. తేకుండానే పోయినవాళ్లు ఎందరో ఎవరు లెక్కపెట్టారు?

*

మన దగ్గరికి వద్దాం.

బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నరసింహన్ నాయకత్వంలో సొంతంగా ఒక కంప్యూటర్ కట్టి 1960లో నడిపించారు. నలభై బిట్ల మాటలు 2,048 పట్టే మెమరీ. నెహ్రూ వచ్చి టిఫ్రాక్ అని పేరు పెట్టాడు. అయిదేళ్లు తిరిగేసరికి దాని పని అయిపోయింది.

ఆ దశాబ్దంలో మిగతా చోట్ల మన వాళ్లకి దొరికినవి ఎక్కువగా ఐబీఎం 1401లు. అమెరికాలో వాడి పక్కన పెట్టినవాటిని ఇక్కడ బాగుచేసి అద్దెకిచ్చేవాళ్లు. అంటే మన దగ్గరికి కంప్యూటర్లు వచ్చేటప్పటికే అవి పాతవి. 1973 నాటి ఫెరా చట్టం ప్రకారం భారతీయులకి వాటా ఇవ్వమంటే ఐబీఎం ఒప్పుకోలేదు, 1978 నాటికి దుకాణం సర్దేసుకుని వెళ్లిపోయింది. మెషీన్లు మాత్రం ఇక్కడే ఉన్నాయి. వాటిని నడిపించే బాధ్యత సీఎంసీ అనే ప్రభుత్వ కంపెనీ మీద పడింది. తయారుచేసినవాడు వెళ్లిపోయిన మెషీన్లని మాన్యువల్ సాయంతో ఏళ్ల తరబడి బతికించుకున్న తరం అది. మా నాన్న తరం. స్పేర్ పార్టు దొరక్కపోతే ఇంకో మెషీన్ విప్పి అమర్చిన తరం.

ఇక హైదరాబాద్. ఈసీఐఎల్ అంటే నా వయసువాళ్లకి బస్సు మీద బోర్డు, కుషాయిగూడ దగ్గర చౌరస్తా. కొంచెం పెద్దవాళ్లకి ఈసీ టీవీ. ఎన్నికలప్పుడు ఓటింగ్ మెషీన్. 1967లో ఎ.ఎస్. రావు గారి ఆధ్వర్యంలో మొదలైన ఆ సంస్థ కంప్యూటర్లు కూడా తయారు చేసిందని నాకు ఇంజనీరింగ్ నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేదు. టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, అణుశక్తి వాళ్ల పరిశోధనలోంచి పుట్టింది కాబట్టి ఆ పేరు. 1970లలో, ఇన్ఫోసిస్ పుట్టకముందు, హైటెక్ సిటీ రాళ్లగుట్టగా ఉన్న రోజుల్లో, మన ఊళ్లో మనవాళ్లు కంప్యూటర్ తయారు చేసి అమ్మారు.

కోఠిలో ఒక పాత పుస్తకాల షాపులో, గేట్ గైడ్ల కట్ట అడుగున, నాకు దొరికింది ఒక స్పైరల్ బైండింగ్ ఫైలు. టీడీసీ-316 ఆదేశాల వివరణ, జిరాక్స్ కాపీ. అట్ట లేదు, మొదటి కొన్ని పేజీలు లేవు. అయితే మార్జిన్ల నిండా ఇంకు పెన్నుతో తెలుగు. నీలం సిరా, గుండ్రటి చేతిరాత. ఎవరో మెషీన్ చూసుకునే ఆపరేటరో ఇంజనీరో అయ్యుండాలి. ఒకచోట: "సోమవారం పొద్దున మొండికేస్తుంది. ముందు ఏసీ గంట వేసి ఉంచాలి." ఇంకోచోట ఒక ఆదేశం పక్కన: "పుస్తకంలో తప్పు. ఇలా చేస్తే ఆగిపోతుంది. కింద రాసినట్టు చెయ్యి." 'చెయ్యి' అని ఎవరికి చెబుతున్నాడు? తన తర్వాత షిఫ్టుకి వచ్చే తమ్ముడికై ఉంటుంది. చివరి పేజీ వెనక పాలు, బస్సు పాసు, చిట్టీ లెక్కలు.

అరవై రూపాయలు. నా దగ్గరున్న వాటన్నిట్లోకీ చవకైనది అదే.

*

2015 ఆగస్టులో అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం ఫింక్స్‌బర్గ్‌లో ఒక పాత మాన్యువల్స్ షాపు మూసేస్తున్నారని జేసన్ స్కాట్‌కి తెలిసింది. ఈయన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పనిచేస్తాడు, పాత సాఫ్ట్‌వేర్ అంటే ప్రాణం. షాపులో పాత్రికేయంగా చెప్పాలంటే కొండంత సరుకు: ఆసిల్లోస్కోపులు, వోల్టుమీటర్లు, కంప్యూటర్లు, దశాబ్దాల నాటి మాన్యువల్స్. ఆయన మొదటి అంచనా 25,000. ఖాళీ చెయ్యడానికి గడువు రోజుల్లోనే ఉంది. నేను వెళ్తున్నాను, ఖాళీగా ఉన్నవాళ్లు రండి అని పిలిస్తే, ముక్కూమొహం తెలియనివాళ్లు బండ్లేసుకుని వచ్చారు. ఎండాకాలం ఉక్కలో నిలబడి, డూప్లికేట్లు వేరుచేసి, పెట్టెల్లో సర్ది, అద్దె గోడౌన్‌కి చేర్చారు. తర్వాత అవి ఆర్కైవ్‌కి చేరాయి, కొన్ని స్కాన్ అయి అందరికీ అందుబాటులోకి వచ్చాయి.

అల్ కొసో అనే ఇంకొకాయన ఉన్నాడు. కాలిఫోర్నియా కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో సాఫ్ట్‌వేర్ క్యూరేటరు. బిట్‌సేవర్స్ అని ఒక సైటు నడుపుతాడు. అలంకారం ఏమీ ఉండదు, ఉత్త ఫోల్డర్ల జాబితా. కంపెనీ పేరు, మెషీన్ పేరు, పీడీఎఫ్. లక్షల పేజీలు. నేను డెక్‌సిస్టమ్-20 భాష నేర్చుకున్నది అక్కడి పీడీఎఫ్‌లతోనే. ఆ సైటు నకళ్లు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. ఒకచోట నీళ్లొస్తే ఇంకోచోట ఉంటుంది.

ఈ ఇద్దరి గురించీ నాకు పదేళ్లుగా తెలుసు. అయినా నేనేం చేశాను? పెట్టెలు పెంచాను. వేసవి సెలవుల్లో స్కాన్ చేద్దాం అనుకున్నాను. మంచి స్కానర్ కొన్నాక చేద్దాం అనుకున్నాను. కొన్నాను. దాన్ని కూడా పెట్టెలో పెట్టాను. నిజం చెప్పాలంటే వేరే కారణం కూడా ఉంది. ఆ టీడీసీ ఫైలు స్కాన్ చేసి పెడితే అది అందరిదీ అయిపోతుంది. నా దగ్గర మాత్రమే ఉందన్న సంతోషం పోతుంది. పుస్తకాలు కూడబెట్టేవాళ్లు ఇది చదువుతుంటే నేనేం చెప్తున్నానో మీకు తెలుస్తుంది.

*

సెప్టెంబరు రెండో వారంలో నీళ్లు తీశాక ఇంటికెళ్లాను. గోడ మీద నా భుజం ఎత్తున బురద గీత. అమ్మ అప్పటికే కొన్ని కాగితాలు డాబా మీద ఇటుకలు పెట్టి ఆరబెట్టింది. "ఏది ముఖ్యమో మాకేం తెలుసు నాన్నా, బొమ్మలున్నవి ముందు తీశాం" అంది.

టెర్మినళ్లు, ప్రింటరు బురదతో నిండిపోయాయి. ఐబీఎం పుస్తకం ఉబ్బి పగిలింది. వీఎంఎస్ బైండర్లలో పేజీలు అట్టకట్టుకుపోయి, విడదీస్తే ముద్దముద్దగా వచ్చాయి. వాటికి నేను పెద్దగా బాధపడలేదు. ఆ పుస్తకాలన్నీ బిట్‌సేవర్స్‌లో ఉన్నాయి. రాత్రే డౌన్‌లోడ్ చేసుకున్నాను కూడా, ఏదో మొండితనంతో.

టీడీసీ ఫైలు చివర్లో దొరికింది. విచిత్రం ఏంటంటే జిరాక్స్ అక్షరాలు చెక్కుచెదరలేదు. జిరాక్స్ టోనరు అంటే కాగితం మీద వేడితో కరిగించి అంటించిన ప్లాస్టిక్ పొడి, నీళ్లకి పోదు. ఇంకు పెన్ను సిరా నీళ్లలో కరిగే రంగు. ఇంగ్లీషులో అచ్చయిన ఆదేశాలు అన్నీ ఉన్నాయి. మార్జిన్లలో తెలుగు మొత్తం పోయింది. ప్రతి పేజీ అంచునా లేతనీలం మరక, అంతే. ఎవరికో ఎవరో చెప్పిన మాటలన్నీ ఒక మరక.

నా ఫోన్‌లో ఆ ఫైలువి నాలుగు ఫోటోలున్నాయి. ఎప్పుడో ఫ్రెండ్‌కి చూపించడానికి తీసినవి. పైన రాసిన రెండు వాక్యాలు అందులోవే. మిగతావి నాకు గుర్తున్నంత వరకూ గుర్తున్నాయి, రోజురోజుకీ తగ్గుతున్నాయి.

మన తాటాకు గ్రంథాల గురించి చదివినప్పుడు ఒక విషయం అర్థమయ్యేది కాదు. సి.పి. బ్రౌన్ గ్రంథాలు సేకరించడంతో ఆగకుండా, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని ఎందుకు నకళ్లు రాయించాడు? ఉన్నదాన్ని భద్రంగా దాచుకుంటే చాలదా? చాలదు. మన తేమకి, చెదలకి, వరదలకి ఏ తాటాకూ శాశ్వతం కాదు. తరం తరం నకలు రాసుకున్నదే మిగిలింది. దాచుకున్నది పోయింది. ఆయన సివిల్ సర్వెంటు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కాడు, అయినా బ్యాకప్ సంగతి నాకంటే బాగా తెలుసు.

ఇది పాత మెషీన్ల పిచ్చోళ్ల గొడవ మాత్రమే అనుకుంటే ఒక్కసారి మీ ఊళ్లో డీటీపీ సెంటర్ని తలుచుకోండి. తొంభైల నుంచి ఇరవై ఏళ్ల పాటు తెలుగులో అచ్చయిన పుస్తకాల్లో చాలావాటి ఫైళ్లు పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫైలు తెరిస్తే, సరైన ఫాంటు లేకపోతే, కనిపించేది పిచ్చి గుర్తులు. ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే పట్టికే దానికి మాన్యువల్. పేరున్న ఫాంట్లకి మార్చే సాధనాలు వచ్చాయి. పేరులేని ఫాంట్ల సంగతి, డీటీపీ సెంటర్ అన్నయ్య కంప్యూటర్ పక్కన గోడకి అంటించుకున్న, ప్లాస్టిక్ కవరు వేసిన ఆ కీబోర్డు చార్టు మీద ఆధారపడి ఉంది. ఆయన షాపు మూసేసి మొబైల్ రీచార్జిలు పెట్టుకున్నప్పుడు ఆ చార్టు ఎటు పోయింది? మీ నాన్నగారి కథల సంపుటి సాఫ్ట్ కాపీ అలాంటి సీడీలో ఉందేమో ఒకసారి చూసుకోండి.

నేను ఇప్పుడు కొనడం మానేశాను. ఆబిడ్స్ వెళ్తాను, చూస్తాను, బేరమాడి అక్కడే ఫుట్‌పాత్ మీద కూచుని ఫోన్‌తో పేజీలు ఫోటో తీసుకుంటాను. అమ్మేవాళ్లకి పది, ఇరవై ఇస్తే ఏమీ అనరు. వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెడతాను. మొట్టమొదట పెట్టినవి ఆ నాలుగు ఫోటోలు, వాటితో పాటు మరకలు మాత్రమే మిగిలిన మిగతా పేజీలు. ఇంగ్లీషు సగం ఎవరికైనా పనికొస్తుంది కదా.

మొన్న దసరాకి ఇంటికెళ్తే మెట్ల కింద చోటు ఖాళీగా ఉంది. అమ్మ అక్కడ ఇప్పుడు ఏమీ పెట్టట్లేదు. ఆ ఫైలు మాత్రం పైన గూట్లో, ప్లాస్టిక్ సంచిలో చుట్టి దేవుడి పటాల పక్కన పెట్టింది. ఎందుకమ్మా అంటే, "నువ్వు అంత సేపు దాన్నే చూస్తూ కూచున్నావ్‌గా ఆ రోజు" అంది.